మైదానంలోకి దిగే ముందు

వేలూరు సత్తువాచారి బిడ్డ సతీష్ శివలింగం 2014లోనూ, 2018లోనూ కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి బంగారు పతకాలు గెలిచాడు. మన పళ్ళికొండ, గుడియాత్తం పిల్లలూ అలా ఎదగాలి. అయితే కొత్త బూట్ల కన్నా ముందు వాళ్ళకు వైద్య పరీక్ష చేయించండి.

ఈ పరీక్షలో యంత్రాల కన్నా ప్రశ్నలే ముఖ్యం. పరుగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఛాతీలో నొప్పి వచ్చిందా? ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్ళలోపే హఠాత్తుగా పోయారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు అవ్వకో తాతకో తెలిసి ఉంటుంది. ఆసుపత్రికి వెళ్ళే ముందే వాళ్ళను అడగండి. గుండె కండరం మందమయ్యే ఒక జబ్బు కుటుంబాల్లో తరాలుగా వస్తుంది, పైకి ఏ జాడా కనిపించకపోవచ్చు. ఈ జబ్బుతోనే 2003లో కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియెన్ ఫో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, మైదానంలోనే కుప్పకూలి మరణించాడు. ఇలాంటి జబ్బులను ముందే పట్టుకోవడానికి ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ఈసీజీ అనే గుండె పరీక్ష తప్పనిసరి.

మన దగ్గర కీళ్ళవాత జ్వరాన్ని కూడా మరచిపోకూడదు. గొంతునొప్పి తగ్గిన కొన్ని వారాలకు జ్వరం, కీళ్ళ వాపు వస్తే గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. డాక్టరు స్టెతస్కోపుతో వింటే చాలాసార్లు ఆ తేడా తెలుస్తుంది. ఆడపిల్లలకు రక్తహీనత పరీక్ష కూడా చేయించండి. త్వరగా ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలని తిట్టడం అన్యాయం.

ప్రభుత్వ పాఠశాలల్లో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు పిల్లలను చూస్తాయి. ఆ బృందం వచ్చిన రోజు మీ బిడ్డ కబడ్డీ ఆడుతుందనో, పరుగుపందేలకు వెళుతుందనో వాళ్ళకు చెప్పండి. ఆడుతూ స్పృహ తప్పిన బిడ్డను మాత్రం డాక్టరు చూసేదాకా మళ్ళీ ఆడనివ్వకండి.