దేవసేన ఫిర్యాదు ఎవరు విన్నారు?

(మాదాపూర్‌లో ఉద్యోగినులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం విని మనలో కొందరు ఆశ్చర్యపడ్డారు. రాత్రి డ్యూటీలు, క్యాబ్‌లలో భద్రత, ఇంట్లో హింస, ఆఫీసులో వేధింపులు - ఇన్ని సమస్యలు ఉండగా కత్తులూ కిరీటాలూ ఉన్న ఒక జానపద కథ రెండో భాగం గురించీ, దానిమీద అమ్మాయిల అభిప్రాయాల గురించీ చర్చ ఎందుకని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఇరవై రెండేళ్ళ అమ్మాయిని కూర్చోబెట్టి 'న్యాయం అంటే ఏమిటి?' అని అడగండి. మొహమాటపడి నవ్వి ఊరుకుంటుంది. అదే అమ్మాయిని 'దేవసేన చేసింది సరైనదేనా?' అని అడగండి. అన్నం చల్లారిపోయినా లేవకుండా వాదిస్తుంది. ఆ వాదనలో తన భయం ఉంటుంది, తన కోపం ఉంటుంది, తనకు రావలసిన న్యాయం గురించి తన ఊహ కూడా ఉంటుంది. మనం వినవలసింది అదే.

నేను చెబుతున్నది బాహుబలి కథ గురించి. రాజమౌళి తీసిన మొదటి సినిమా 2015 జూలైలో, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. 2017లోనే ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో 'ది రైజ్ ఆఫ్ శివగామి' అనే నవల రాశారు. అది సినిమా కథకు ముందు జరిగిన కథ, శివగామి యవ్వనం. దానికి కొనసాగింపుగా 2020లో 'చతురంగ' వచ్చింది. ఆ తర్వాత 'క్వీన్ ఆఫ్ మాహిష్మతి' అనే మూడో భాగం. ఈ మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలు కొందరు ఈ పుస్తకాలు చేతులు మార్చుకుంటూ చదివారు. పుస్తకం చదవనివాళ్ళు కూడా సినిమా చూశారు. అక్కడ వంట చేసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు కూడా చూశారు. అందువల్ల ఈ ఒక్క కథ మీద మాట్లాడటానికి అందరికీ అర్హత ఉంది. గత కొంతకాలంగా నేను వీళ్ళతో కూర్చుని విన్న మాటలనే మీ ముందు పెడుతున్నాను.

మన భాషలో ఇలాంటి కథలకు కొదవ లేదు. 1947లో మొదలైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళ కోసం నెలనెలా ఎదురుచూసిన ఆడపిల్లలు మన అమ్మల తరంలో ఎంతోమంది. అయితే ఆ తరహా కథల్లో సాహసం రాకుమారుడిది. రాకుమారి ఎక్కువగా ఎత్తుకుపోబడేది, రక్షించబడేది, చివరికి బహుమానంగా ఇవ్వబడేది. శివగామి నవలల్లో మాత్రం అయిదేళ్ళ పిల్ల తన తండ్రిని రాజద్రోహి అని మరణదండనకు గురిచేయడం చూసి, ఈ రాజ్యాన్ని నాశనం చేస్తానని శపథం చేస్తుంది. బానిసల వ్యాపారాన్ని ఆపడానికి పోరాడే దళానికి డెబ్బై ఏళ్ళ ముసలమ్మ నాయకురాలు. ఒక అమ్మాయి నాతో అన్నది: "మేడమ్, కథలో ఆడమనిషి ఏదైనా పని చేస్తుంటే చదవబుద్ధవుతుంది." ఇంతకంటే సూటి సమీక్ష నేను చదవలేదు.

రెండో భాగం కోసం ఎదురుచూసేవాళ్ళకు ఒక ఆశ ఉంటుంది. మొదటి భాగంలో జరిగిన అన్యాయం రెండో భాగంలో సరిదిద్దబడాలి. 2015లో మొదటి సినిమా వచ్చినప్పుడు, అవంతిక అనే పోరాట యోధురాలి బట్టలను నాయకుడు ఆమె ఇష్టం లేకుండా తీసి, మార్చి, అలంకరించి 'ఆడదాన్ని' చేసే సన్నివేశం మీద పాత్రికేయురాలు అన్నా వెట్టికాడ్ తీవ్రమైన విమర్శ రాశారు. పెద్ద చర్చే జరిగింది. మరి రెండో భాగంలో అవంతికకు ఏమైంది? దాదాపు కనబడకుండా పోయింది. ఒక టెస్టింగ్ ఇంజనీరు దీన్ని తన ఆఫీసుతో పోల్చింది. "ఎవరి మీద గొడవ అయిందో వాళ్ళనే తర్వాతి ప్రాజెక్టులోంచి తీసేస్తారు, అట్లా ఉంది" అన్నది. నవ్వాము గానీ అది నవ్వులాట కాదు. ఫిర్యాదు చేసిన స్త్రీకి మన ఉద్యోగాలలో ఎదురయ్యే మొదటి శిక్ష అదే.

దేవసేన దగ్గరికి వద్దాం. రాజమాత శివగామి ఆమెను అడగకుండానే పెళ్ళి నిర్ణయిస్తుంది. దేవసేన తిరస్కరిస్తుంది. బందీగా తెమ్మంటే సభలో నిలబడి, వరుణ్ణి ఎంచుకునే హక్కు ఆడపిల్లదని ఎదురు చెబుతుంది. ఈ ఘట్టం మీద ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఊళ్ళో సంబంధం చూసిపెట్టి సెలవు పెట్టి రమ్మని ఫోన్లు వస్తున్న అమ్మాయిలకు ఆ సభ తమ ఇల్లే. ఇంకొక సంగతి కూడా వాళ్ళు గమనించారు. ఆ పెళ్ళిని నిర్ణయించింది కూడా ఒక స్త్రీయే. సింహాసనం మీద కూర్చున్న స్త్రీ సింహాసనం తరఫునే మాట్లాడింది.

అభిప్రాయాలు చీలిపోయింది తర్వాతి సభ దగ్గర. గుడి దగ్గర వరుసలో ఉన్న ఆడవాళ్ళ ఒంటిమీద చేయి వేస్తున్న సేనాధిపతి వేళ్ళను దేవసేన నరుకుతుంది. సంకెళ్ళు వేసి సభకు తెస్తారు. అప్పుడు బాహుబలి వచ్చి, ఆడదాని మీద చేయి వేసినవాడికి తగిన శిక్ష వేళ్ళు నరకడం కాదని అక్కడికక్కడే వాడి తల నరుకుతాడు. థియేటర్లు ఈలలతో దద్దరిల్లాయి. నేను మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది కూడా అదే తమకు నచ్చిన సన్నివేశమన్నారు. ఎందుకని అడిగితే ఒకమ్మాయి చెప్పిన జవాబు ఇది: "ఒక్కడైనా నమ్మాడు కదా మేడమ్! ఆధారం ఏది, నువ్వెందుకు వెళ్ళావు అని అడగలేదు కదా!"

ఈ జవాబును తేలిగ్గా తీసుకోకూడదు. ఆమె చప్పట్లు కొట్టింది తల తెగినందుకు కాదు, తన మాట నమ్మినందుకు. అయితే హాస్టల్లో వంట చేసే ఒక అక్క, పాలమూరు నుంచి వచ్చినామె, గిన్నెలు సర్దుకుంటూ ఇంకొక ప్రశ్న వేసింది. "ఆ పిల్ల వేళ్ళు నరికితే బేడీలేసిండ్రు. ఆయన తల నరికితే న్యాయమన్నరు. గదెట్లమ్మా? అసలు గుడికాడ వరుసల నిలబడ్డ ఆడోళ్ళను ఒక్కరినన్న సభకు పిల్చి అడిగిండ్రా?"

అడగలేదు మిత్రులారా. చేయి పడ్డ స్త్రీలకు ఆ సభలో గొంతు లేదు. తనను తాను కాపాడుకున్న స్త్రీ ముద్దాయి అయింది. తీర్పు ఒక మగవాడి కత్తి చెప్పింది. దాని ఫలితం కూడా చూడండి. దేవసేన భర్తతో సహా వెళ్ళగొట్టబడింది, తర్వాత ఇరవై అయిదేళ్ళు గొలుసులతో బందీగా ఉంది. ఆ తల తెగడం వల్ల మాహిష్మతిలో ఏ ఆడమనిషికీ ఫిర్యాదు చేసుకునే చోటు ఏర్పడలేదు.

ఇది కథ అని ఊరుకుందామా? అదే పద్ధతి మన కళ్ళ ముందు జరిగింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై సామూహిక అత్యాచారం చేసి, చంపి, చటాన్‌పల్లి దగ్గర శవాన్ని కాల్చేశారు. దేశమంతా కుమిలిపోయింది. ఆ రాత్రి కేసు నమోదు చేయడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. అంటే ఇంటివాళ్ళు పోలీసుల దగ్గరికి పరుగెత్తిన వేళ ఏం జరిగిందన్నదే మన అసలు ప్రశ్న కావలసి ఉండింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ సైబరాబాద్ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూల కింద మన ప్రశ్న కప్పబడిపోయింది.

ఆ రోజే కొందరు స్త్రీల, మానవ హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు విన్నవించుకుంటే, శవాలను భద్రపరచమని కోర్టు ఆదేశించింది. దానికి వాళ్ళు తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ కమిషన్ చెప్పింది.

ఇదే ఐటీ ప్రాంతంలో 2013 అక్టోబరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో ఎక్కించుకుని వెళ్ళి ఇద్దరు అత్యాచారం చేశారు. ఆమె ఫిర్యాదు ఇచ్చింది, సాక్ష్యం చెప్పింది. 2014 మేలో కోర్టు ఇద్దరికీ ఇరవై ఏళ్ళ జైలుశిక్ష వేసింది. ఏడు నెలలు పట్టింది. ఆమె మాట రికార్డులో ఉంది. నేను అమ్మాయిలకు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పాను. 2019 సంగతి అందరికీ తెలుసు. 2014 తీర్పు గురించి వాళ్ళలో ఒక్కరు కూడా వినలేదు. కత్తి కథ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, కోర్టు కథ చెప్పేవాళ్ళు లేరు. చెప్పవలసింది మనమే.

పోలీసుల చేతి న్యాయం ఎలా ఉంటుందో ఈ నగరానికి తెలియనిది కాదు. 1978లో రమీజాబీపై పోలీసులే అత్యాచారం చేసి ఆమె భర్తను కొట్టి చంపిన ఘటన మీద హైదరాబాదు వీధులు అట్టుడికాయి. ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులన్నది. రాయచూరుకు బదిలీ అయిన కేసులో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇక్కడి స్త్రీల ఉద్యమం ఆ అనుభవంలోంచి పెరిగింది. స్టేషన్‌లో పాడైన చట్టం నడిరోడ్డు మీద తుపాకి పట్టుకుంటే బాగుపడుతుందని మనం ఎలా నమ్ముతాం?

ఇక 'చతురంగ' విషయం. ఈ రెండో నవలలో శివగామి భూమిపతి అవుతుంది. నాశనం చేస్తానని శపథం పట్టిన రాజ్యంలోనే పెద్ద పదవి. ఇటు పదవి, అటు శపథం. చదివిన అమ్మాయిలు రెండుగా చీలారు. "లోపలికి వెళ్తేనే కదా మార్చగలిగేది" అన్నది ఒకామె. "లోపలికి వెళ్ళినవాళ్ళను రాజ్యమే మార్చేస్తుంది, సినిమాలో రాజమాతను చూశాంగా" అన్నది ఆమె పక్క మంచం అమ్మాయి. ఆ రాత్రి చర్చ తేలలేదు.

ఈ చర్చ నేరుగా మనది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. రాజస్థాన్‌లో భన్వరీదేవికి జరిగిన అన్యాయం దాని వెనుక ఉంది. చట్టం రావడానికి ఇంకా పదహారేళ్ళు, 2013 దాకా పట్టింది. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. పై హోదాలో ఉన్న ఉద్యోగిని అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు. బయటినుంచి ఒక సభ్యురాలు, అంటే మనలాంటి సంస్థల మనిషి. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కరమూ భూమిపతి శివగామిలమే.

నేను అలా కూర్చున్న ఒక కంపెనీలో మొదటి సమావేశానికే నివేదిక టైపు చేసి సిద్ధంగా ఉంచారు. సంతకం పెట్టే చోట పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టారు. ఫిర్యాదు చేసిన అమ్మాయిని ఇంకా పిలవనే లేదు. ముందు ఆమెతో మాట్లాడాలన్నాను. మాట్లాడాం. ఆమె ఏమీ పెద్ద కోరిక కోరలేదు. విచారణ అయ్యేవరకు ఆ మేనేజరు కింద పని చేయించవద్దన్నది. విచారణ నడుస్తుండగా బదిలీ, మూడు నెలల వరకు సెలవు అడిగే హక్కు చట్టంలోనే ఉంది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె వేళ్ళూ అడగలేదు, తలా అడగలేదు. తన మాట వినమంది.

కాబట్టి మిత్రులారా, కొన్ని పనులు మనం చేసి తీరాలి. బయటి సభ్యులుగా కూర్చునే మనం, ఫిర్యాదు చేసినామెను వినకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. మూడు నెలలలోపు ఫిర్యాదు ఇవ్వవచ్చనీ, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చనీ, రాయలేని స్త్రీకి కమిటీయే రాయడంలో సాయం చేయాలనీ, విచారణ తొంభై రోజుల్లో ముగియాలనీ ప్రతి హాస్టల్లో చెప్పాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్లకూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. ఆ పాలమూరు అక్క వెళ్ళవలసింది అక్కడికి. దాని చిరునామా ఆమెకు తెలిసేలా చేయడం మన పని.

ఇంకొకటి. ఈ అమ్మాయిలు చదివే కథలను చిన్నచూపు చూడకండి. వాళ్ళ హాస్టల్‌కు వెళ్ళండి, భోజనాల వేళ కూర్చోండి. మొదట చట్టం చెప్పకండి. శివగామి పదవి తీసుకోవచ్చునా, దేవసేనను సభలో ఎవరు అడగాలి అని వాళ్ళనే అడగండి. వంటింట్లో ఉన్నవాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టండి. వచ్చే సమావేశానికి మీరు విన్న మాటలు రాసుకుని తీసుకురండి. అక్కడినుంచి మొదలుపెడదాం.