అంతర్జాల వర్తకము – మన మాట నిలుకడ
(నరసన్నపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 నేను పండితుడను గాను, వక్తను గాను. మగ్గపు గుంటప్రక్కన పుట్టి, బట్టలమూటతో పెరిగినవాడను. కావున నాకు తెలిసిన అంగడి సంగతినే మీకు మనవి చేసికొందును.

ఈ నరసన్నపేట అంగడివీధిలో చీర కొనవచ్చిన ఇల్లాలు ఏమి చేయునో మీరెరుగనిది కాదు. చీరను వెలుతురున కెత్తి చూచును. అంచును వ్రేళ్లనడుమ నలిపి చూచును. పిమ్మట దుకాణదారుని ముఖము చూచును. బట్టపై నమ్మకము సగము, మనిషిపై నమ్మకము సగము. ఇట్లు తరతరములుగా వర్తకము సాగినది. నేడు అంగడి అరచేతిలోని ఫోనులోనికి వచ్చినది. హైదరాబాదుననో, అమెరికాలోని డల్లాసుననో యున్న తెలుగు గృహిణి మన బట్టను బొమ్మగా మాత్రమే చూడగలదు, తాకి చూడజాలదు. ఆమెకు మన ముఖము తెలియదు. ఇట్టిచోట వర్తకము దేనిపై నిలుచును? మాటపైననే నిలుచును. అమ్మువాడు వ్రాసిన మాట సత్యమై యుండవలెను. కొనువాడు ఆ మాటను పరీక్షింప నేర్చి యుండవలెను. నేను చెప్పదలచిన దింతియే.

మొదట నా అవివేకమును నేనే ఒప్పుకొనుట ధర్మము. గత సంవత్సరము మా ఇంట శుభకార్యము తటస్థించినది. చేనేత చీరలను సగము వెలకే ఇచ్చెదమని ఫోనులో కనబడిన యొక ప్రకటన చూచి, మగ్గమువాడనై యుండియు నేను మోసపోతిని. పండ్రెండు చీరలకు సొమ్ము ముందుగా చెల్లించితిని. వచ్చిన మూట విప్పగా అందున్నవి పాలియెస్టరు గుడ్డలు. విక్రేతకు చిరునామా లేదు, ఫోను పలుకదు, కొలది దినములలో ఆ వెబ్‌సైటే మాయమైనది. సొమ్ము పోయినందుకు నేనంతగా చింతింపలేదు. కాని ఆ గుడ్డలను జూచి మా వియ్యపురాలు “ఇదేనా, అన్నయ్యగారూ, మీ చేనేత?” యని యడిగిన మాట నా గుండెలో ములుకువలె నాటినది. ఆ మోసగాడు దోచినది నా ధనమును మాత్రమే కాదు. మగ్గముపై కూర్చున్న ప్రతివాని పేరును దోచెను. సిగ్గుచే నేను మూడు వారములు ఎవరికిని చెప్పక యుంటిని. అది నా రెండవ తప్పు. దాని ఫలమును ముందు చెప్పెదను.

మన జిల్లాలోని పొందూరు సంగతి చూడుడు. అచట కొండపత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి, నలుసులు తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నముపై నూరవ నంబరును మించిన సన్ననూలు వడకుదురు. ఆ పని విశేషముగా స్త్రీలదే. ఆ నూలును చేతిమగ్గముపై నేయుదురు. మహాత్మాగాంధిగారు ఈ బట్ట కీర్తిని విని, తమ కుమారులు దేవదాసుగారిని పొందూరునకు పంపిరి. ఈ వృత్తాంతము తెలిసినవాడు వెల తగ్గింపుమనుటకు ముందు ఒక క్షణము ఆలోచించును. తెలియనివానికి పొందూరు బట్టయు మరబట్టయు బొమ్మలో నొక్కటియే.

కావున తెలియజెప్పుట మన పని. గాంధిగారు యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికలను నడపిన కాలమున వానిలో వర్తక ప్రకటనలను స్వీకరింపలేదు. ఐనను ఖద్దరు దేశమున వ్యాపించుటకు ఆ పత్రికలలోని వ్యాసము లెంతయో తోడ్పడినవి. ప్రకటన “కొనుడు” అనును. వ్యాసము “తెలిసికొనుడు” అనును. తెలిసికొన్నవాడు తనంతట తానే కొనవచ్చును.

వెబ్‌సైటు పెట్టినంతనే జనులు వత్తురని మన యువకులలో కొందరు తలచుచున్నారు. అది ఊరిబయట దుకాణము తెరచి, బాట వేయకుండుట వంటిది. వ్యాసములే ఆ బాట. ఏమి వ్రాయవలెనని యడుగుదురేమో. గృహిణి దుకాణమున నడుగు ప్రశ్నలకే సమాధానము వ్రాయుడు. ఈ చీర నేయుటకు ఎన్ని దినములు పట్టినది? నూలు మిల్లుదా, చేవడుకుదా? రంగు నిలుచునా? మొదటిసారి ఎట్లు ఉతుకవలెను? వెలలో నేతగానికి ముట్టున దెంత? ఇట్టి వ్యాసములను మన వెబ్‌సైటునందు ప్రకటించి, పత్రికలకును పంపవలెను. వ్యాసాంతమున మన వెబ్‌సైటు పేరు ఒక్క పంక్తిలో చెప్పిన చాలును. తాకి చూడజాలని కొనుగోలుదారునకు ఆ వ్యాసమే చేతివ్రేలు.

ఇందులకు అడ్డదారి లేదు. లోగడ కొందరు ఒకే వ్యాసమును మాటలు మార్చి వందలచోట్ల ప్రకటించి, గూగుల్ వెదకులాటలో ముందువరుసకు వచ్చుచుండిరి. 2011లో గూగుల్ సంస్థవారు తమ పద్ధతిని మార్చి, పసలేని వ్రాతలను వెనుకకు నెట్టిరి. ఆ మార్పునకు పాండా యని పేరు. కావున పుట్టెడు పొల్లుకంటె పిడికెడు గట్టిగింజలు మేలు. సొమ్మిచ్చి పొగడించుకొనుటయు అట్టిదే. పొగడినవానికిని అమ్మువానికిని లావాదేవి యున్నచో దానిని జనులకు వెల్లడింపవలెనని 2022 జూనులో వెలువడిన కేంద్ర మార్గదర్శకములు చెప్పుచున్నవి.

ఇచట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. పెద్దలు క్షమింతురు గాక. చేతితో వడకి, చేతితో నేసినదియే ఖాదీ. మిల్లునూలుతో చేతిమగ్గముపై నేసినది చేనేత; అది గౌరవమైనదే, కాని ఖాదీ కాదు. ఖాదీమార్కు లేక ఏ బట్టను ఖాదీ యని అమ్మరాదని 2013 నాటి నిబంధనలు కలవు. చేనేతకు 2006లో హ్యాండ్లూమ్ మార్కు ఏర్పడినది. మరమగ్గపు బట్టను చేనేత యని మనలోనివాడే తన వెబ్‌సైటున వ్రాసినచో, నన్ను మోసగించినవానికిని వానికిని భేదమేమి? పరులు చేసిన మోసమునకు మనము ఏడ్వవచ్చును. మనవాడు చేసిన మోసమునకు మనమే జవాబుదారులము.

ఇక కొనువారికి, విశేషించి నా సోదరీమణులకు, కొన్ని జాగ్రత్తలు మనవి చేసెదను. సందేశములలో వచ్చిన లంకెను నొక్కి అంగడికి పోరాదు; దుకాణము పేరును స్వయముగా టైపు చేసి చేరుకొనవలెను. వెబ్‌సైటు పేరుప్రక్క కనబడు తాళపుగుర్తు దారిలో మీ సంగతులు ఇతరులు చదువకుండ కాపాడునే గాని, అంగడివాడు సత్యవంతుడని సాక్ష్యమీయదు. దొంగయు తన తలుపునకు తాళము వేసికొనగలడు. విక్రేత పేరు, చిరునామా, వాపసు నిబంధనలు, ఫిర్యాదుల అధికారి పేరు ఉన్నవో లేవో చూడవలెను. ఇవి కనబరచవలెనని 2020 జులైలో వెలువడిన ఈ-కామర్స్ నిబంధనలు శాసించుచున్నవి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను.

యూపీఐ విషయమున ఒక్క సూత్రము కంఠస్థము చేయుడు: రహస్యసంఖ్య సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. “మీకు సొమ్ము వాపసు వచ్చినది, పిన్ను నొక్కుడు” అనువాడు దొంగ. ఫోనునకు వచ్చిన ఓటీపీని బంధువునకైనను చెప్పరాదు. తెలియని విక్రేతకు సరకు రాకముందే మొత్తము సొమ్ము పంపరాదు. మూట విప్పునపుడు ఫోనుతో చిత్రము తీసి, రసీదుతో గూడ భద్రపరచవలెను.

మోసము జరిగిన పక్షమున నావలె సిగ్గుపడి మౌనము వహింపకుడు. తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యము కాకున్న, సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అవకాశము కలదు. మూడు వారములు గడచిన పిమ్మట నేను చేసితిని. అప్పటికి సొమ్ము దాటిపోయినది. మనము అనుమతింపకయే ఖాతానుండి సొమ్ము పోయినచో, మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలుపుట అత్యావశ్యకము. తప్పు బ్యాంకుదియు మనదియు కాని పక్షమున, అట్లు తెలిపినచో నష్టము మనపై పడరాదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. సరకు నాణ్యత విషయమైన తగవులకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 కలదు.

తుదకు ఈ మహాసభ ఎదుట మూడు మనవులు. మన సంఘపక్షమున ఒక వెబ్‌సైటు నెలకొల్పి, ప్రతి బట్టప్రక్కను నేసినవారి పేరును, నూలు వివరమును ఉన్నదున్నట్లు వ్రాయవలెను. చదువుకొన్న యువతీయువకులు మాసమునకొక్క వ్యాసమైనను పెద్దలనడిగి వ్రాయవలెను. ముసలివారి చేతిపనితో బాటు వారి మాటయు నశింపకుండ నిలుచును. పోషకులు ప్రతి గ్రామమున ఒక సాయంకాలము స్త్రీలకును వృద్ధులకును ఈ జాగ్రత్తలు నేర్పుటకు తోడ్పడవలెను.

పడుగులో ఒక్క పోగు తెగినను నేతగాడు మగ్గము నాపి, ముడివేసి, పిమ్మట నాడె విసరును. తెగిన పోగును దాచి నేసినచో బట్ట చెడును. నమ్మకము మన పడుగు. అది తెగినచోట దాచక ముడివేయుదము గాక.