కొసరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



తెలుగు భాషను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగు చెప్పే శక్తి నాకు లేదు. ఒక్క మాటను గురించి చెప్తాను. అది "కొసరు".

మొన్న నా నోట ఈ మాట విని మా మనమడు, "తాతయ్యా, తెలుగులో మాట్లాడుతూ మధ్య తమిళం కలుపుతావెందుకు?" అని నిలదీశాడు. చెన్నైలో పుట్టి పెరిగినవాడు. వాడి తప్పేమీ లేదు. మా వీధిలో కూరలమ్మే ఆవిడ రోజూ "కొసురు" అంటుంది. కన్నడ దేశంలోనూ ఈ మాట వున్నది. అయితే మా యింట నాలుగు తరాలుగా వున్న మాట, వాడి చెవికి పొరుగింటి మాట అయిపోయిందే అని నాకు కొంచెం కష్టం తోచింది.

మిగులు వేరు, కొసరు వేరు. ఖర్చులు పోగా మన దగ్గర నిలిచేది మిగులు. ప్రభుత్వాలు బడ్జెట్టులో చూపేది అదే. కొసరు కూడా ఎక్కువే గాని, అది ఇచ్చేవాడి దగ్గర నిలవదు. కొలత సరిపోయి, ధర కుదిరిన తరువాత, అవతలి వాడి సంచీలోకి పోయే పిడికెడు అది. బేరం ధరమీద, కొసరు బేరం ముగిసిన తరువాత. పద్దులో దానికి చోటు లేదు.

మా నాయనమ్మ కూరలకు కొత్వాల్ చావడికి పోయేది. ఆ బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయింది. త్రాసు ముల్లు సరిగ్గా నిలిస్తే ఆవిడకు తృప్తి లేదు, కాస్త మొగ్గాలి. మొగ్గిన తరువాత కూడా చెయ్యి చాచేది. రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో పడితేగాని కదిలేది కాదు. పక్కన నిలబడ్డ నాకు సిగ్గుగా వుండేది. ఇంటికి వచ్చిన తరువాత అదే చెయ్యి, "చాలు నాయనమ్మా" అన్నా వినక, కొసరి కొసరి వడ్డించేది. అడగటానికీ కొసరటమే, పెట్టటానికీ కొసరటమే. ఈ రెండు పనులకూ ఒకే మాట పెట్టినవారు ఎవరోగాని, మా నాయనమ్మను చూసి పెట్టినట్లుంటుంది!

బియ్యం మానికతో కొలిచే రోజుల్లో "ఒకటి" అనేవారు కారు, "లాభం" అని మొదలుపెట్టి "రెండు, మూడు" అని సాగించేవారు. ఆ లాభం ఎవరిదో నాకు ఎన్నడూ బోధపడలేదు. చివరి మానిక దించిన తరువాత పడే గుప్పెడు మాత్రం కొన్నవాడిదే.

1956లో తూనికల చట్టం వచ్చింది, 1958 నుంచి కిలోలు అమలులోకి రాసాగాయి. వీశెలు పోయినందుకు నేను ఏడవను. దొంగ రాళ్ళు మా కాలంలోనూ వుండేవి. కిలోలు వచ్చినా కొసరు పోలేదు. పొట్లం వచ్చాకనే పోయింది. బరువు ముందే అచ్చువేసి, మూతి అతికించిన సంచీలో గుప్పెడు వేసే చెయ్యి ఏది? "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని దుకాణాల్లో బోర్డు పెడతారు. అది కొసరు కాదు. రెండింటి ధరా ఆలోచించి పెట్టినదే. "అసలు కంటె కొసరెక్కువ" అని మనవాళ్ళు ఎత్తిపొడిచేది ఇటువంటివాటినే.

నిన్న ఉగాది పచ్చడికి మామిడికాయలు కొనటానికి మనమణ్ణి వెంటబెట్టుకుని ఆ కూరలావిడ దగ్గరికి వెళ్ళాను. వేపపువ్వు కూడా కావాలి. కాయలు తూచింది, డబ్బు ఇచ్చాను. "నువ్వు అడుగు" అన్నాను వాడితో. వాడు చాలాసేపు తటపటాయించి, చెయ్యి చాచి, "కొసరు" అన్నాడు. "కొసురు" అనలేదు. ఆవిడ నవ్వి, వేపపువ్వు దోసెడు వాడి చేతిలో పోసి, అడగకుండానే ఒక పిందె కూడా పెట్టింది.