నేలలో కాపురముండు తేనెటీగలు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



లెక్కలు వ్రాసికొను నాకు ఈ సభలో మాటాడుటకు పుస్తకములు చదివిన చనువే ఆధారము. మన ఆవరణలో వేపచెట్టునకు తూర్పున చిన్న చిన్న రంధ్రములను మీరందరును చూచియుందురు. చీమల పుట్టలనుకొని ఒకనాడు నేనే వానిలో కిరసనాయిలు పోసితిని. అవి తేనెటీగల యిండ్లని పిమ్మట తెలిసి సిగ్గుపడితిని.

ప్రపంచమున తేనెటీగల జాతులు సుమారు 20,000 కలవు. వానిలో నూటికి 70 వరకు నేలలోనే గూడు కట్టును. వీనిలో పెక్కింటికి రాణి లేదు, దాసి లేదు. ప్రతి తల్లియు తానే సొరంగము త్రవ్వి, అందు గదులు చేయును. తన దేహమున ఊరు ద్రవమును గోడలకు పూసి, తేమ చొరకుండ కాపాడును. పుప్పొడిని మకరందముతో కలిపి ముద్దచేసి, దానిపై ఒక గ్రుడ్డు పెట్టి, గదిని మూసివేయును. బిడ్డ రెక్కలతో వెలువడునాటికి సాధారణముగా తల్లి జీవించియుండదు.

అన్నియు ఒంటరివి కావు. కొన్ని జాతులలో అనేకము ఒకే ద్వారమును వాడుకొనుచు, దేని గదులకు అదియే ఆహారము సమకూర్చును. మరికొన్నింట తల్లి బ్రతికియుండి, ఎదిగిన కూతుండ్రతో పని పంచుకొనును. సుజాన్ బాత్ర యను శాస్త్రజ్ఞురాలు 1966లో మన దేశపు నేలయీగల గూళ్ళను వర్ణించిన వ్యాసములోనే ఇట్టి కాపురమునకు ‘యూసోషల్’ అను పేరు పెట్టినారు. నీలిచారల ఈగలలో మగవి సాయంకాలము ఒకే పుల్లను దవడలతో కరచి పట్టుకొని గుంపుగా నిద్రించును. వంగ, టమాట పూలను పట్టి, దేహమును కంపింపజేసి పుప్పొడి రాల్చు విద్య ఈ జాతికి కలదు. పట్టు పెట్టు తేనెటీగకు అది రాదు.

భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తన 24 గురువులలో తేనెటీగను చేర్చినాడు. కూడబెట్టిన తేనె మూలముననే అది చెడునని ఆయన నేర్చిన పాఠము. నేలయీగ తాను చూడబోని బిడ్డకై కూడబెట్టును. ఈ గ్రంథాలయమునకు తొలి పుస్తకములు మోసి తెచ్చిన పెద్దలలో కొందరు నేడు మన మధ్య లేరు.

రజతోత్సవ స్మారకముగా ఆవరణయంతయు సిమెంటు చేయవలెనని ప్రతిపాదన వచ్చినది. వానకాలమున వృద్ధులు జారుట నిజమే. కనుక ద్వారము మొదలు మెట్ల వరకు సిమెంటు వేయుదము. బొల్లారమున రాష్ట్రపతి నిలయమునకు విశాలమైన తోటలున్నవి. మన ఇండ్ల ముందర మట్టినేల తరిగిపోయినది. వేపచెట్టు తూర్పున నాలుగు గజములైన విడిచిపెట్టుదము. వీనిలో మగదానికి ముల్లే లేదు. ఆడది పట్టి నలిపిననేగాని సాధారణముగా కుట్టదు. పిల్లలు దగ్గర కూర్చుండి చూడవచ్చును.

ఆ నాలుగు గజములను నిలువ పద్దున వ్రాసికొనుటకు సభవారు అనుమతింపవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.