కారణంలేని శాపం ఎవరిమీద వాలుతుంది?

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగములు: సామెతలు 26:2, ఆదికాండము 50:15–26, యోహాను 20:1–20

 

ఈ రోజు ఒక సినిమా సంగతితో మొదలుపెడుతున్నాను. అయ్యగారు సినిమాల గురించి మాట్లాడతారేమిటని పెద్దలు కొందరు రేడియో కట్టేస్తారేమో, కొంచెం ఓర్చుకోండి. యౌవనస్థుల కూటములలో పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అయ్యగారూ, మమ్మీ శాపం నిజమేనా? ఫరో సమాధి తెరిచిన వాళ్ళందరూ చచ్చిపోయారట గదా?" పిల్లలు అడిగిన ప్రశ్నకు సంఘం జవాబు చెప్పకపోతే సినిమాయే చెబుతుంది.

1999లో వచ్చిన 'ది మమ్మీ' మీలో చాలామందికి తెలుసు. దాని తరువాత 2001లో, 2008లో ఇంకో రెండు వచ్చాయి. 2017లో వేరే కథతో మళ్ళీ అదే పేరు పెట్టి ఇంకొకటి తీశారు. మొదటిదాని కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఇమ్‌హోతెప్ అనే పూజారి ఫరోను చంపుతాడు. అతన్ని ఘోరమైన శాపంతో బ్రతికుండగానే పెట్టెలో పెట్టి పాతిపెడతారు. మూడువేల సంవత్సరాల తరువాత ఒకామె పాత గ్రంథంలోని మంత్రం పైకి చదువుతుంది. మమ్మీ లేస్తుంది, పెట్టె తెరిచిన వారిని ఒక్కొక్కరినే పీల్చి చంపుతుంది. మిడతలు వస్తాయి, నీళ్ళు రక్తమవుతాయి. నిర్గమకాండములో దేవుడు బానిసలను విడిపించడానికి, ఫరోను మోషేచేత ముందుగా హెచ్చరించి పంపిన తెగుళ్ళను తీసుకొచ్చి ఒక శవం చేతికిచ్చారు! అదలా ఉంచండి. అసలు ఇమ్‌హోతెప్ ఫరోను చంపినవాడు కాడు. జోసెర్ రాజు కొలువులో గొప్ప మంత్రి, సక్కారాలోని మెట్ల పిరమిడ్ కట్టించినవాడని పేరు. చాలా తరాల తరువాత జనం అతన్ని రోగాలు బాగుచేసే దేవుడని పూజించారు. సినిమావాళ్ళు వైద్యుడిని తీసుకొచ్చి రాక్షసుడిని చేశారు.

ఆ సినిమాలో బెనీ అని ఒక జిత్తులమారి ఉంటాడు. మమ్మీ ఎదురుపడగానే మెడలో ఉన్నవన్నీ బయటికి లాగుతాడు. మొదట సిలువ చూపించి ప్రార్థన చేస్తాడు. పని జరగదు. ఇంకో మతం గుర్తు, ఇంకో భాషలో ప్రార్థన. చివరికి దావీదు నక్షత్రం తీసి హెబ్రీ భాషలో ఏదో అంటాడు. మమ్మీకి అది ఐగుప్తులోని బానిసల భాష అని గుర్తొచ్చి, అతన్ని చంపకుండా తన పనికి పెట్టుకుంటుంది. అందరూ నవ్వే సన్నివేశమది. నేనూ నవ్వాను. నవ్విన తరువాత మన ఇండ్లు జ్ఞాపకానికి వచ్చాయి. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు. లోపల గోడమీద వాక్యం క్యాలెండరు. బిడ్డ నడుముకు తాయెత్తు. తలగడ కింద బైబిలు, తెరవడానికి కాదు, కలలు రాకుండా ఉండడానికి! ఏది పనిచేస్తే అది అనే భక్తి బెనీ ఒక్కడిదే కాదు, ప్రియులారా.

ఈ మమ్మీ శాపం అనే మాటకు ఇంత బలం ఎక్కడనుండి వచ్చిందో చూద్దాం. 1922 నవంబరు 4న హోవార్డ్ కార్టర్ పనివారికి ఐగుప్తులో రాజుల లోయలో ఒక మెట్టు కనబడింది. అది టూటన్‌ఖామున్ అనే యువకుడైన రాజు సమాధికి దారి. త్రవ్వకాలకు డబ్బు పెట్టినవాడు కార్నార్వన్ ప్రభువు. 1923 ఏప్రిల్ 5న ఆయన కైరోలో చనిపోయాడు. దోమ కుట్టిన చోట గడ్డం గీసుకునేటప్పుడు తెగింది, అది విషమించి రక్తమంతా చెడింది, న్యుమోనియా కూడా వచ్చింది. పెన్సిలిన్ లేని రోజులవి. కానీ అంతకు ముందే ఆయన సమాధి వార్తలన్నీ లండన్ 'టైమ్స్' పత్రికకే ఇస్తానని ఒప్పందం చేసుకున్నాడు. తక్కిన పత్రికలకు వ్రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడు శాపం దొరికింది! ఆ సమాధిలో శాపవాక్యమేదీ దొరకలేదు. ఇంకా పాతవైన కొన్ని సమాధుల మీద హెచ్చరికలు చెక్కిన మాట నిజమే గాని, ఈ రాజు సమాధిలో అటువంటిది లేదు. అయినా కథ ఆగలేదు. 1932లో వచ్చిన మొదటి 'మమ్మీ' సినిమాకు కథనం వ్రాసిన జాన్ బాల్డర్‌స్టన్, ఆ సమాధి వార్తలను పత్రికకు వ్రాసిన విలేకరే. పేపరులోని శాపం నడిచి తెరమీదికి వచ్చిందన్నమాట.

పిల్లలు అడిగినట్టు అందరూ చచ్చిపోయారా? న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు చెందిన హెర్బర్ట్ విన్‌లాక్ 1934లో లెక్క తీశాడు. సమాధి తెరిచినప్పుడు ఉన్న 26 మందిలో పదేళ్ళలో చనిపోయినవారు 6గురు. రాతి శవపేటిక తెరిచినప్పుడు ఉన్న 22 మందిలో ఇద్దరు. మమ్మీ కట్లు విప్పినప్పుడు దగ్గరుండి చూసిన 10 మందిలో ఒక్కరూ చనిపోలేదు. శాపమనేది ఉంటే దగ్గరివారికి ముందు తగలాలి గదా? ఆ శరీరాన్ని తన చేతులతో కోసి పరీక్షించిన డాక్టర్ డగ్లస్ డెర్రీ 1961 వరకు బ్రతికాడు. అందరికంటే ముందు లోపలికి వెళ్ళినవారిలో ఒకరైన కార్నార్వన్ కుమార్తె 1980లో చనిపోయింది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వైద్యుడు ఈ లెక్క మళ్ళీ వేశాడు. సమాధి లోపలి గదులు, పేటికలు తెరిచినప్పుడు ఉన్న 25 మంది సగటున 70 ఏళ్ళు బ్రతికారు. మన సంఘ సమాధుల తోటలో రాళ్ళమీద వయస్సులు చదివితే డెబ్భై దాటినవారు ఎంతమంది కనబడతారు?

సామెతలు 26వ అధ్యాయం రెండవ వచనంలో జ్ఞాని ఈ మాటే చెబుతున్నాడు. పిచ్చుక అటూ ఇటూ ఎగురుతుంది, వాలదు. కారణంలేని శాపం కూడా అంతే, తిరుగుతుంది గాని ఎవరిమీదా దిగదు. కోపంలో ఎవరో మట్టి ఎత్తిపోశారనీ, పక్కింటావిడ ఏడ్చి శపించిందనీ నిద్రపోని సహోదరీ, ఆ పిట్టకు నీ ఇంటిమీద వాలడానికి కొమ్మ లేదు.

అయితే మనుష్యులు శాపాన్ని ఎందుకు వదలరు? శాపమైతే దానికి ఒక దోషి దొరుకుతాడు. దోషి దొరికితే దుఃఖం కొంత తేలికవుతుంది. ఒక ఊరిలో ఒక విశ్వాసుల ఇంటికి నేను వెళ్ళవలసి వచ్చింది. ఏడాదిన్నరలో ఆ ఇంట్లో ఇద్దరు మగవారు పోయారు. తండ్రికి షుగరు, మందులు మానేసి గుండెపోటుతో పోయాడు. చిన్న కుమారుడు రాత్రివేళ బండిమీద వస్తూ, దీపాలు లేకుండా రోడ్డుమీద ఆపిన లారీని గుద్దుకున్నాడు. రెండింటికీ కారణాలున్నాయి. కానీ ఎవరో ఒక బోధకుడు వచ్చి, ఈ ఇంట్లోకి తరతరాల శాపం ఒకటి వచ్చిందనీ, పెద్ద కోడలి పుట్టింటినుండి వచ్చిందనీ చెప్పి, ప్రార్థించిన నూనె సీసా ఒకటి ఇచ్చి, పదివేలు కానుకగా తీసుకుని వెళ్ళాడు. ఆ కోడలికి ఇరవై రెండేళ్ళు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినందుకేనా ఇదంతా?" అని అడిగింది. అత్తగారు అక్కడే కూర్చుని ఉంది.

నేను లూకా 13వ అధ్యాయం తీసి చదివాను. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్న మిగతావారికంటే ఆ 18 మంది పాపులా అని ప్రభువే అడిగి, కాదని ప్రభువే చెప్పాడు. తరువాత ఆయన వేలు చూపింది చచ్చినవారి వైపు కాదు, వింటున్నవారి వైపు: మీరు మారుమనస్సు పొందండి. చదివి, "అమ్మా, ఆ రాళ్ళు నీవు పడవేసినవి కావు" అని మాత్రం అన్నాను. అత్తగారు ఏమీ అనలేదు. నేను లేచి వచ్చేసరికి ఆ నూనె సీసా కిటికీలోనే ఉంది. మన పల్లెల్లో చేతబడి చేసిందని, బాణామతి చేసిందని ఒంటరి స్త్రీలను కొట్టి చంపిన సంగతులు మీకు తెలుసు. శాపం వినోదంగా ఉండేది తెరమీదనే.

తండ్రుల దోషం మూడు నాలుగు తరాలమీదికి వస్తుందని నిర్గమకాండము 20లో లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. తండ్రి త్రాగి పొలం అమ్మితే కుమారుడు కూలికి పోతాడు, ఇది మనం చూస్తున్నదే. అయితే అదే చోట, తనను ప్రేమించేవారిని దేవుడు వేయి తరాల వరకు కరుణిస్తాడని కూడా ఉంది. మూడును పట్టుకుని వేయిని వదిలేసే బోధ ఏ పాటి బోధ? పైగా తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్ళు పులిసినవనే సామెతను ఇక పలకవద్దని యెహెజ్కేలు 18లో దేవుడు ఒట్టుపెట్టి చెప్పాడు. ఎవడి ప్రాణం వాడిదిగా నా యెదుట నిలుస్తుందన్నాడు. ఆ అధ్యాయం ఒక్కసారి చదివితే శాపవిమోచన కూటములు సగం మూతబడతాయి.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఒక మమ్మీ ఉంది. ఏడవ నిజాం కాలంలో మన దేశానికి వచ్చిన ఒక యువతి దేహం. దశాబ్దాలుగా బడిపిల్లలు వరుసకట్టి చూసి వెళ్తున్నారు. ఆమె ఎవరినీ ఏమీ చేయలేదు. ఆమె దేహమే చెడిపోతుంటే నిపుణులు వచ్చి కాపాడవలసి వచ్చింది. మీరెప్పుడైనా వెళ్తే పిల్లలకు భయం చెప్పకండి. ఆ కట్ల వెనుక ఉన్న మనిషి భయం ఏమిటో చెప్పండి.

ఎందుకంటే ఐగుప్తీయులకు సమాధి దొంగలకంటే పెద్ద భయం ఒకటి ఉండేది. రాజులు, గొప్పవారు చనిపోతే 70 దినాలు పని చేసేవారు. మెదడును ముక్కుద్వారా తీసి పారవేసేవారు. ఊపిరితిత్తులు, కాలేయం, కడుపు, ప్రేగులు తీసి జాడీలలో పెట్టేవారు. ఒక రకం ఉప్పులో శరీరాన్ని ఎండబెట్టేవారు. గుండెను మాత్రం లోపలే ఉంచేవారు. అవతలి లోకంలో త్రాసు ఒకటి ఉంటుంది, ఒక తట్టలో గుండె, మరో తట్టలో సత్యానికి గుర్తైన ఈక. గుండె బరువైతే ఒక మృగం దానిని మింగేస్తుంది. అందుకని పేడపురుగు ఆకారంలో రాయి చెక్కి, గుండెమీద పెట్టేవారు. సినిమాలో మాంసం తినే పురుగులను చూశారే, అవి ఇవే. నిజానికి పాపం అవి పేడ తినే పురుగులు, ఐగుప్తీయులకు కొత్త జీవానికి గుర్తు. ఆ రాతిమీద ఏమి వ్రాసేవారో తెలుసా? తీర్పు సమయంలో నామీద సాక్ష్యం చెప్పవద్దని తన గుండెనే బ్రతిమాలుకొనే మాటలు! ఇది చదివినప్పుడు నాకు భయం వేసింది, సినిమా చూసినప్పుడు వేయలేదు. బంగారంతో పాతిపెట్టినా, మనిషి తన గుండె నోరు మూయలేకపోయాడు.

ప్రియ శ్రోతా, నీ శత్రువు నోరు కాదు, నీ గుండె ఏమి సాక్ష్యం చెబుతుంది? అక్కడ ఉన్నది కారణంలేని శాపం కాదు. ధర్మశాస్త్రము ఎదుట ఉన్న నిజమైన శాపం అది, దానికి తాయెత్తు లేదు. గలతీయులకు 3వ అధ్యాయం 13వ వచనంలో పౌలు చెప్పేది ఇదే: మ్రానుమీద వ్రేలాడి క్రీస్తు మన స్థానంలో శాపమైపోయాడు. పిచ్చుకకు వాలే చోటు దొరికింది కల్వరిలో. అందుకే యోహాను తన మొదటి పత్రికలో, మన హృదయం మనలను దోషులని అన్నా దేవుడు మన హృదయముకంటె గొప్పవాడని వ్రాయగలిగాడు. గుండెను బ్రతిమాలుకొనే అవసరం లేదు. అది చెప్పవలసిందంతా చెప్పనివ్వండి. త్రాసు పట్టినవాని చేతుల్లో మేకుల గుర్తులున్నాయి.

బైబిలులో కూడా మమ్మీలు ఉన్నాయని తెలుసా? యాకోబు శవాన్ని ఐగుప్తు వైద్యులు 40 దినాలు సుగంధద్రవ్యాలతో సిద్ధపరచారు, ఐగుప్తీయులు 70 దినాలు అంగలార్చారు. తరువాత యోసేపును కూడా అలాగే సిద్ధపరచి పెట్టెలో ఉంచారు. ఆ మధ్యలో ఏమి జరిగిందో ఆదికాండము 50లో చూడండి. తండ్రిని పాతిపెట్టి రాగానే అన్నలకు వణుకు పుట్టింది: మనం గోతిలో పడవేసినవాడు ఇప్పుడు పగ తీర్చుకుంటాడు! సరిగ్గా మమ్మీ సినిమా కథ. పాతిపెట్టామనుకున్నవాడు లేచి వచ్చాడు, చేతిలో అధికారం కూడా ఉంది. యోసేపు ఏమి చేశాడు? ఏడ్చాడు. నేను దేవుని స్థానంలో ఉన్నానా అని వారినే ఓదార్చాడు, వారి పిల్లలను పోషిస్తానన్నాడు. అతని ఎముకలను మోషే ఐగుప్తునుండి తీసుకువచ్చాడు. నలభై ఏళ్ళు అరణ్యంలో ఆ పెట్టె వారితోకూడ ప్రయాణం చేసింది, చివరికి షెకెములో పాతిపెట్టారు. ఆ పెట్టె ఎవరికీ కీడు చేయలేదు. దేవుడు మాట తప్పడని చెబుతూ నడిచింది.

ఇప్పుడు బేతనియకు రండి. లాజరు బయటికి వచ్చాడు, చేతులు కాళ్ళు కట్టబడి, ముఖానికి గుడ్డ చుట్టి. దూరంగా చూసినవారికి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ప్రభువు పారిపొమ్మనలేదు, కట్లు విప్పుమన్నాడు. కొన్ని దినాల తరువాత ప్రభువు సమాధిలోకి పేతురు, యోహాను తొంగిచూశారు. నారబట్టలు అక్కడే పడి ఉన్నాయి. తలకు చుట్టిన రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉంది. ఆయన కట్లు ఎవరూ విప్పలేదు.

ఆ సాయంకాలం శిష్యులు తలుపులు గడియవేసుకున్నారు, యూదులకు భయపడి. ఒక్క భయమేనా? గెత్సేమనేలో విడిచి పారిపోయినవారు వీరే. ఎరుగనని ఒట్టుపెట్టినవాడు లోపలే ఉన్నాడు. పాతిపెట్టబడినవాడు తిరిగి వచ్చి మధ్యను నిలిచాడు. సినిమాలైతే ఇక్కడ కేకలు మొదలవుతాయి. ఆయన వారికి సమాధానమని చెప్పి, తన చేతులు, ప్రక్క చూపించాడు.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల తండ్రీ, ఎవరి మాటకో భయపడి ఈ రాత్రి దీపం ఆర్పకుండా కూర్చున్నవారిని మీ చేతులకు అప్పగిస్తున్నాము. ఇంట్లో జరిగిన మరణాలకు నిందపడిన కోడళ్ళను, విధవరాండ్రను జ్ఞాపకం చేసుకోండి. నింద వేసినవారి దుఃఖం కూడా మీకు తెలుసు. సాక్ష్యం చెబుతున్న మా హృదయాలను మీ కుమారుని రక్తంలో కడగండి. తలుపులు గడియవేసుకున్న ఇండ్లలోనికి మీరే రండి. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.