చేయి పట్టుకోండి, ఓటు మాత్రం మమ్మల్నే వేయనివ్వండి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉండగా మనలో అనేకులు ఎన్నికల డ్యూటీ చేసినవారే. నలుగురి చేత ఓటు వేయించిన మనం ఈ వయసులో మన ఓటుకు ఉన్న సదుపాయాలేమిటో తెలుసుకోవాలి. విజయవాడ కొండ ఇళ్ల మెట్లు దిగలేనివారు, మోకాళ్లు పట్టేసినవారు, చూపు పోయినవారు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు.

అంధుల కోసం ఓటింగు యంత్రంపై బ్రెయిలీ అంకెలు ఉంటాయి. ఎన్నికల సంఘం వీటిని ప్రయోగాత్మకంగా 2004లో, నాటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో పెట్టి చూసింది. వికలాంగులకు పోలింగు కేంద్రాలన్నీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశించింది.

అయితే పెద్ద వయసులో చూపు పోయినవారికి బ్రెయిలీ రాదు. వారికి అక్కరకు వచ్చేది 1961 ఎన్నికల నిర్వహణ నియమాలలోని 49-ఎన్ నియమం. 18 ఏళ్లు నిండిన సహాయకుడు ఒకరు వెంట రావచ్చు. ఆ రోజున అతడు ఒక్కరికే సహాయపడాలి. ఓటు రహస్యం కాపాడతానని రాసి ఇవ్వాలి. కావున తల్లిదండ్రులిద్దరికీ చూపు లేకుంటే ఒక్క కుమారుడు సరిపోడు, రెండో మనిషి కావాలి. గుర్తు చూసి బటన్ నొక్కగలిగినవారు మాత్రం, నడకకు సాయం ఉన్నా, ఓటు వేసే చోటికి ఒంటరిగానే వెళ్లాలి.

కదలలేనివారికి ఇంటి వద్దనే ఓటు వేసే వీలు 2024 లోక్‌సభ ఎన్నికలలో తొలిసారిగా దేశమంతటా కల్పించారు. 85 ఏళ్లు పైబడినవారు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారు దీనికి అర్హులు. ఫారం 12డి నింపి, ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన 5 రోజులలోగా అందజేయాలి. వైకల్యం ఉన్నవారు సర్టిఫికెట్ జతపరచాలి. ఒకసారి ఇంటి ఓటు మంజూరైతే మళ్లీ పోలింగు కేంద్రంలో వేయడానికి వీలులేదు. ఓటర్ల జాబితాలో వైకల్యం నమోదుకు ఫారం 8 ఉన్నది.

మిత్రులారా, లైఫ్ సర్టిఫికెట్ గడువును మనం ఎన్నడూ మరువము. అది తప్పితే పెన్షన్ ఆగుతుంది. ఈ 5 రోజుల గడువు తప్పితే ఇంటి ఓటు పోతుంది, అడిగేవారు కూడా ఉండరు. మన కరువు భృతిని, వైద్య సదుపాయాలను నిర్ణయించేది ఎన్నికైన ప్రభుత్వాలే కదా!

చివరగా మన పిల్లలకు, కోడళ్లకు, మనవలకు ఒక మనవి. మమ్మల్ని ఆటో ఎక్కించండి, చేయి పట్టుకుని నడిపించండి, ఫారాలు నింపి పెట్టండి. మేము చెప్పిన గుర్తుకే ఓటు వేయించండి. ఆ గుర్తు ఏదో ఇంటికి వచ్చాక ఎవరితోనూ అనవద్దు. కళ్లు కనిపించకపోయినా, కాళ్లు కదలకపోయినా, ఎవరికి ఓటు వేయాలో తేల్చుకునే బుద్ధి మాకు ఉన్నది.