ఉస్మానియా వైద్య వారసత్వం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1846లో, హైదరాబాద్ వైద్య పాఠశాల మొదలైంది. అదే నేటి ఉస్మానియా వైద్య కళాశాల.

ఆ పాఠశాలకు పేరు తెచ్చినవారిలో ఎడ్వర్డ్ లారీ ఒకరు. మత్తుమందు క్లోరోఫాం వల్ల రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో రెండు సంఘాలతో ప్రయోగాలు జరిపించారు. ముప్పు గుండెకు కాదు, శ్వాసకేనని ఆయన వాదించారు. గుండెకూ ప్రమాదమేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న ఆయన హెచ్చరిక విలువైనదే. ఆయన దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు.

సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించారు. కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి చెల్లించారు. 1897 ఆగస్టు 20న అలాంటి దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు. బేగంపేటలోని ఆయన స్మారక పరిశోధన సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే.

అటవీ ప్రాంతాల్లో దోమతెర కట్టుకోమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పే మాటకు ఆధారం రాస్ పరిశోధనే.